గుం పోయిన గిటారు

సోమందేపల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. మూడేళ్ల పాటు ఆయన చెవులు చెడిపోయాయని ఆ వీధి వీధంతా అనుకుంది. ఆయనా అలాగే అనుకున్నాడు. ఆయన చెవుల్లో ఏ లోపమూ లేదని తెలిసినవాళ్లం ఇద్దరమే. రెండోవాడు నా మాట కోసం నోరు మూసుకున్నాడు. నేను నా పరువు కోసం మూసుకున్నాను. జరిగిందంతా మా ఇంటి వంటగదిలో, ఒక అల్యూమినియం గిన్నెలో జరిగింది.

రికార్డింగ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. బట్టల దుకాణం ప్రకటన పాటలో ఆ పాతకాలపు బేస్ గిటారు శబ్దం అంత అచ్చంగా ఎలా తెచ్చారు సార్ అని. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఒకరికి మైకు పెట్టిన దూరం అన్నాను. ఒకరికి గది గోడలు అన్నాను. ఒక అబ్బాయికైతే కళ్లు సగం మూసుకుని ‘అనుభవం’ అన్నాను. ఆ అబ్బాయి దాన్ని నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అతను ఇది చదువుతుంటే, దయచేసి ఆ పేజీ చింపెయ్యి నాయనా.

మా స్టూడియో అనంతపురంలో ఒక పెయింట్ల దుకాణం పైన రెండు గదులు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి శబ్దం ఆపేవాళ్లం. ఎండాకాలం ఏసీ వేస్తే దాని రొద మైకులో పడేది, ఆపితే పాడేవాళ్లు పల్లవికీ చరణానికీ మధ్య స్పృహ తప్పేలా ఉండేవాళ్లు. జాతర పాటలు, ఎన్నికల పాటలు, ఆటోల్లో తిరిగే పాత ఇనుప సామాన్లవాళ్ల కేకలు, అన్నీ మా దగ్గరే రికార్డయ్యేవి. అంతకు ముందు ఇరవై ఏళ్లు నేను ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించినవాణ్ని. నా భాగస్వామి కీబోర్డు వాయించేవాడు. సన్నగా, గాలికి పడిపోయేలా ఉంటాడు కానీ అతని నాలుక మాత్రం బాగా బలంగా ఉంటుంది.

ఒకరోజు బట్టల దుకాణం శెట్టిగారు వచ్చి, చేతిరుమాలులో చుట్టిన క్యాసెట్ ఒకటి టేబుల్ మీద పెట్టాడు. వాళ్ల నాయన కాలంలో చేయించిన ప్రకటన పాట. తనకల్లు నుంచి వజ్రకరూరు దాకా జీపు వెనక రెండు పెద్ద డబ్బా స్పీకర్లు కట్టుకుని ఆ పాట వేసుకుంటూ తిరిగేవాళ్లట.

“పాట కొత్తగా పాడించండప్పా. గొంతు ఎవురిదైనా పరవాల్యా. మాటలు మార్చినా పరవాల్యా. ఈ గుం మాత్రం ఇట్లే ఉండల్ల.”

“గుం అంటే?” అన్నాను.

ఆయన చొక్కా మీద నుంచే పొట్ట తట్టుకున్నాడు. “ఈడ తగిలేది.”

క్యాసెట్ వేశాం. టేపు సాగిపోయి, పాడిన ఆమె గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. తబలా ఎక్కడో పక్క ఊళ్లో మోగుతున్నట్టుంది. కానీ ఆ పాట మొదలయ్యే ముందు ఎనిమిది దెబ్బలు బేస్ గిటారు మీద. గుం, గుం, గుగ్గుం, గుం, గుం, గుగ్గుం. నిండుగా, పొడిపొడిగా, మొదలైన చోటే ఆగిపోయే శబ్దం. మోగదు, ఊగదు. ఎవరో గోనె సంచీ నిండా శెనక్కాయలు పోసి నేల మీద దించినట్టు ఉంటుంది.

“మా నాయన జీపులో ఊళ్ల మీద పోతాంటే, మాటలు ఇనపడక ముందే చేన్లల్లో ఆడోళ్లు నడుములెత్తి చూసేటోళ్లంట, ఈ గుం ఇని” అన్నాడు శెట్టిగారు. “ఇప్పుడు నాయన లేడు. ఈ క్యాసెట్టు ఇంగ రెండుసార్లు తిప్పితే ఇదీ ఉండదు.”

బేస్ కదా, నా చేతిలో పని అనుకున్నాను. వారం రోజుల్లో ఇస్తానని చెప్పాను.

మొదటి ప్రయత్నం నా సొంత గిటారుతో. శెట్టిగారు సోఫాలో కూర్చుని, కళ్లు మూసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. “ఇది డింగ్” అన్నాడు.

తీగల కింద స్పాంజి ముక్క దూర్చి వాయించాను. “ఇది దుబ్” అన్నాడు.

కంప్యూటర్లో పాత శబ్దాలు తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి, అందులో గుండీలన్నీ తిప్పి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, “బాగుండాది. కానీ ఇది బెంగుళూరు” అన్నాడు.

స్పీకరును స్నానాల గదిలో పెట్టి, బయట మైకు పెట్టి రికార్డు చేశాను. “ఇందులో నీళ్ల వాసన వస్తాండాదప్పా.”

రెండు వారాలైంది. నా భాగస్వామి అన్నాడు: “అన్నా, ఆయప్ప పొట్ట కాడ ఒక మైకు పెడదాం. ఆడ ఏం ఇనపడతాదో అదే రికార్డు చేద్దాం.”

చివరికి దారి చూపించింది క్యాసెట్ అట్ట. దాని మీద ఆ ఆర్కెస్ట్రా ఫోటో ఉంది. బెల్‌బాటం ప్యాంట్లలో ఐదుగురు, అందరికంటే చివర గిటారు పట్టుకుని ఒకడు. శెట్టిగారు వేలు పెట్టి చూపించాడు. “ఈయప్ప నూనె మిల్లులో పని చేసేటోడు. సోమందేపల్లె. ఉండాడో లేడో.”

ఉన్నాడు. హైవే నుంచి రెండు వీధులు లోపలికి, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఆర్కెస్ట్రావాళ్లలో వయసుతో పనిలేదు, ముందు స్టేజీ ఎక్కినవాడు ఎవరైనా ‘అన్న’. కాబట్టి నేనూ అలాగే పిలిచాను.

“ఆ పాటకు బేస్ వాయించింది మీరేనా అన్నా?”

“ఏ పాట?”

ఎనిమిది దెబ్బలూ నోటితో వినిపించాను. ఆయన పగలబడి నవ్వాడు. “అది పాటనా? ఆ పొద్దు మాకు మంచి భోజనం పెట్టినారు. అందుకు వాయించినాము.”

వాళ్లావిడ లోపలి నుంచి, “ఇప్పుడు గూడా శనివారం శనివారం భజనలో అదే వాయిస్తాడప్పా. దేవునికి గూడా బట్టల పాటే” అంది.

గోనెపట్టతో కుట్టిన సంచీలోంచి గిటారు బయటికి తీసి, భజనకు వాడే చిన్న స్పీకరు పెట్టెకు తగిలించాడు. ఒళ్లో పెట్టుకుని, అరచెయ్యి అంచు తీగల మీద ఆనించి, బొటనవేలితో ఒక్క దెబ్బ వేశాడు.

నా పొట్టలో తగిలింది. శెట్టిగారి కొలత ఎంత సరైనదో అప్పుడు తెలిసింది. గబగబా నా జేబు రికార్డరు తీసి అరుగు మీద పెట్టాను, తర్వాత పోల్చి చూసుకోవడానికి. ఒక నిమిషం సేపు వాయించి ఆపాడు.

“తీగలు ఏ కంపెనీవన్నా? మార్చి ఎన్నాళ్లయింది?”

“మార్చడమేంది?” అన్నాడు. “తెగలేదు కదప్పా. తెగనిది యాల మార్చల్ల?”

పెళ్లికి ముందెప్పుడో బెంగుళూరు నుంచి తెప్పించిన తీగలు. రోజూ మిల్లులో పని అయ్యాక, చేతులు పంచకు తుడుచుకుని నేరుగా రిహార్సలుకు వచ్చేవాడు. నలభై ఏళ్ల శెనక్కాయ నూనె, పొట్టు, చెమట, మా జిల్లా దుమ్ము, అన్నీ కలిసి ఆ తీగల చుట్లలో పట్టుకుపోయి ఉన్నాయి. ముట్టుకుంటే వేలు అంటుకునేది. ఆ జిడ్డే తీగను మోగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అదే ఆ గుం. ఇది నాకు ఆ అరుగు మీద తెలియలేదు. తర్వాత తెలిసింది.

“నేనే వచ్చి వాయిస్తాలే. అనంతపురం ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే పదకొండుకంతా మీ కాడ ఉంటా” అన్నాడు ఆయన. మొహంలో వెలుగు కనిపించింది.

“మీకెందుకన్నా శ్రమ” అన్నాను.

ఇన్నేళ్ల వృత్తిలో నేను పలికిన అత్యంత మర్యాదైన అబద్ధం అది. ఇరవై ఏళ్లు స్టేజీ మీద పాడేవాళ్ల వెనక చీకట్లో నిలబడ్డవాణ్ని. ఒక్క పాటలోనైనా జనం బేస్ వింటారంటే, ఆ చెయ్యి నాదే కావాలనిపించింది. గిటారు పది రోజులకు అడిగాను. వెంటనే ఇచ్చేశాడు. సంచీ తాడు ముడివేస్తూ ఒక్క మాట చెప్పాడు. “దీన్ని ఏమీ చేయాకు. వాయించు, అంతే.”

సరేనన్నాను.

ఇక్కడ మీకు మా కాలం సంగతి ఒకటి చెప్పాలి. బేస్ తీగలు మా ఊళ్లో దొరికేవి కావు. అందుకని పెళ్లిళ్ల సీజన్ ముందు పాత తీగలు విప్పి, చుట్టలు చుట్టి, బట్టల సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టేవాళ్లం. జిడ్డంతా వదిలి తీగలు మళ్లీ కొత్తవాటిలా మోగేవి. అనంతపురం ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించే ప్రతివాడి ఇంట్లోనూ వంటకు పనికిరాని గిన్నె ఒకటి ఉండేది. ఎవరైనా గిటారు అప్పు ఇస్తే, తీగలు ఉడకబెట్టి ఇవ్వడం మాలో మర్యాద. సైకిలు అప్పు తీసుకుంటే గాలి కొట్టి ఇచ్చినట్టు.

మరుసటి రోజు పొద్దున్నే ఆ గిటారు ఒళ్లో పెట్టుకున్నాను. వేళ్లకు నల్లటి జిడ్డు అంటింది. పాపం పెద్దాయన, చేసిపెట్టేవాళ్లు లేరు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత నా చేతులు ఏం చేశాయో వాటిని అడగాలి. అవి ఇరవై ఏళ్ల అలవాటు మీద ఉన్నాయి. నాలుగు తీగలూ విప్పాయి, చుట్టాయి, గిన్నెలో వేశాయి, గుప్పెడు సోడా వేశాయి. చాలదేమోనని కొంచెం సర్ఫ్ కూడా వేశాయి.

నీళ్లు మొదట టీ రంగుకు, తర్వాత కాఫీ రంగుకు, చివరికి తారు రంగుకు వచ్చాయి. పైన నూనె తెట్టు కట్టింది. ఇల్లంతా వాసన. మా ఆవిడ ముందు గదిలోంచి కేకేసింది.

“ఏం వేపుతాండావు? శెనక్కాయ నూనె వాసన వస్తాండాదే.”

“తీగలు.”

“సరేలే. ఉప్పు చూసి వేసుకో.”

తళతళలాడుతున్న తీగలను గుడ్డతో తుడిచి స్టూడియోకు తీసుకుపోయాను. గిటారుకు బిగించి, శ్రుతి చేసి, ఆయన లాగే అరచెయ్యి ఆనించి, బొటనవేలితో కొట్టాను.

టింగ్.

మళ్లీ కొట్టాను. మళ్లీ టింగ్. పూజ గంటలా మోగి, గదంతా తిరిగి వచ్చింది. పక్క గదిలోంచి నా భాగస్వామి తల బయటపెట్టాడు. “కొత్త గిటారు కొన్నావా అన్నా?”

జరిగింది చెప్పాను. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత, “ఆ నీళ్లు యాడ?” అన్నాడు.

“పారబోశాను.”

“గుం అందులో ఉండె కదన్నా.”

ఆ తర్వాతి రెండు రోజులూ మేం చేసిన పనులు రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. నలభై ఏళ్ల మురికిని రెండు రోజుల్లో తిరిగి తెద్దామని చూశాం. తీగలకు శెనక్కాయ నూనె పట్టించాం. మేడ మీదకి తీసుకుపోయి దుమ్ము గాలిలో ఎండబెట్టాం. మా ఊళ్లో దుమ్ముకు కరువు లేదు కాబట్టి అది మాత్రం సమృద్ధిగా పట్టింది. మిరపకాయ బజ్జీలు తెప్పించి, తిని, చేతులు కడగకుండా వంతులవారీగా వాయించాం. నేను అలసిపోతే అతను, అతను అలసిపోతే నేను. రెండో రోజు సాయంత్రానికి మాకు కడుపులో మంట వచ్చింది, గిటారుకు బజ్జీల వాసన వచ్చింది, గుం మాత్రం రాలేదు. తడిగుడ్డ నేలకేసి కొట్టినట్టు ఒక శబ్దం వచ్చింది.

“ఇదేమిట్రా?” అన్నాను.

“ఇది జీర్ణం కాల్యా అన్నా” అన్నాడు.

మరుసటి రోజు పదకొండింటికి శెట్టిగారు వస్తానన్నాడు. ఇక లాభం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నా భాగస్వామి అన్నాడు. పెద్దాయనకు ఫోను చేసి, కాళ్లు పట్టుకుని, ఆయన్నే పిలిపించి ఏదో ఒకటి చేద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు అతనికి నా జేబు రికార్డరు గుర్తొచ్చింది. అరుగు మీద రికార్డు చేసిన ఆ ఒక్క నిమిషం.

పొద్దున ఆరింటికే వచ్చి పని మొదలుపెట్టాం. ఆ నిమిషంలోంచి ఒక్కొక్క దెబ్బా విడివిడిగా కత్తిరించి, శ్రుతి సరిచేసి, కీబోర్డు మెట్ల మీద ఒక్కొక్కటీ ఎక్కించాడు. మెట్టు నొక్కితే పెద్దాయన దెబ్బ పలుకుతుంది. ఒక దెబ్బ వెనక వాళ్లావిడ దగ్గు ఉంది, దాన్ని తీసెయ్యడానికే గంట పట్టింది. పదకొండింటికి పాట మొత్తానికీ బేస్ సిద్ధమైంది. అందులో నా చెయ్యి ఎక్కడా లేదు.

శెట్టిగారు సోఫాలో కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఎనిమిది దెబ్బలు పడ్డాయి. ఆయన చెయ్యి పొట్ట మీద నుంచి మెల్లగా పైకి లేచి కళ్ల మీదికి పోయింది. భుజాలు కదిలాయి. చాలాసేపటికి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“ఇదేనప్పా. మా నాయన వచ్చినట్లుండాది. ఎవురు వాయించింది?”

నా భాగస్వామి నా వైపు చూశాడు. నేను చెప్పడానికి ఎంతో సమయం ఉంది. ఒక మనిషి నిజం చెప్పడానికి కావలసినంత సమయం.

“నేనే” అన్నాను.

గిటారు తిరిగి ఇవ్వడానికి నేనొక్కణ్నే పోయాను. తీగలు మెరవకుండా వాటికి నూనె, దీపం మసి కలిపి పూశాను. చూడ్డానికి పాతవే. పెద్దాయన సంచీ విప్పి, ముద్దుగా తట్టి, స్పీకరుకు తగిలించి, ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలితో ఒక్క దెబ్బ వేశాడు.

తల కొంచెం పక్కకు వంచాడు. మళ్లీ వేశాడు. శ్రుతి చూసుకున్నాడు. అరచెయ్యి జరిపి మళ్లీ వేశాడు. చివరికి తల దించి, చెవి గిటారు చెక్కకే ఆనించి వాయించాడు.

“ఏమన్నా చేసినావా అప్పా దీన్ని?”

“లేదన్నా. వాయించినా, అంతే.”

ఆయన నన్ను నమ్మాడు. అది నేను ఊహించలేదు. నన్ను నమ్మాక, తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, దాన్ని తన మీద వేసుకున్నాడు. వాళ్లావిడ వైపు తిరిగి, “నా చెవులకు ఏమో అయినట్లుందే” అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నేను చెప్పింది ఇది: “వయసైంది కదన్నా.” అనంతపురం వచ్చి నా భాగస్వామికి ఇదంతా చెప్పి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను.

పాట జనంలోకి పోయింది. శెట్టిగారి వ్యాన్లు ఊళ్లు తిరిగాయి. స్టూడియోకు పని పెరిగింది. పాతకాలపు శబ్దం కావాలంటే నా దగ్గరికే రావాలని పేరు పడింది. నా భాగస్వామి తర్వాత ఏడాదికి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు వెళ్లిపోయాడు. పోయేటప్పుడు ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు ఏమీ అనకుండా పోతే ఎలా ఉంటుందో మీకు తెలియాలంటే నాలాంటి పని ఏదైనా చెయ్యాలి. చెయ్యకండి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పెద్దాయన ఫోను చేశాడు. వ్యాను వాళ్ల వీధిలోకి వచ్చిందట.

“నువ్వు వాయించింది ఇన్నానప్పా. బో బాగుండాది. నా గుం నీ చేతికి పోయింది. మంచిదే. యాడో ఒక చోట ఉంటే సాలు.”

“మీ దయ అన్నా” అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చెవులు చెడినవాడికి బయట వ్యానులో గుం ఎలా వినపడింది అని ఆయన ఆలోచించలేదు. నేను ఆలోచించాను. ఆలోచించి ఊరుకున్నాను.

మూడేళ్లు పోయాయి. మొన్న వేసవిలో వాళ్లావిడ ఫోను చేసింది. నన్ను ఆమె శబ్దాల డాక్టరు అనుకుంది కాబోలు.

“నువ్వు మిషన్ల గురించి తెలిసినోడివి కదప్పా. ఈయప్ప చెవులకు మంచి మిషను ఏదో చెప్పు. హిందూపురంలో డాక్టరు చూసి చెవులు బాగుండాయి అన్నాడు. ఈయన నమ్మల్యా. డాక్టరుకు గుం తెలీదు అంటాడు. ఎవురో చెప్పిన మిషను పెట్టుకున్యాడు. అది కుయ్యిమంటాది. పక్కింటి కుక్కరు ఎన్ని కూతలు కూసిందో చెప్తాడు. నేను వంటింట్లో గొణుక్కుంటే ఇనపడతాది. గిటారు ఒక్కటే ఇనపడదంట. భజనకు పోయి మూడేండ్లాయ. వచ్చే శనివారం గిటారు భజన మందిరానికి ఇచ్చేస్తాడంట. చెవిటోడికి గిటారు ఎందుకు అంటాండాడు.”

ఆమె మామూలుగానే చెప్పింది. ఒక విషయం అప్పుడు బోధపడింది. ఆయన ఆ గిటారు వాయించడం మానకపోయి ఉంటే, ఆయన చేతుల జిడ్డుతో గుం మెల్లమెల్లగా తిరిగి వచ్చి ఉండేది. నేను ఉడకబెట్టింది తీగలనే. ఆయన చేత వాయించడం మాన్పించింది మాత్రం నా అబద్ధం.

శుక్రవారం పొద్దున బస్సెక్కాను. ఏం చెప్పాలో దారి పొడవునా పెదాలు కదుపుతూ లోపల రాసుకున్నాను, కొట్టేశాను. పెనుకొండ దగ్గర పక్క సీటులో పెద్దమనిషి, “ఏమప్పా, పరీక్షకు పోతాండావా?” అని అడిగాడు. అవునన్నాను.

పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. చెవిలో మిషను సన్నగా కూస్తోంది. గోనెపట్ట సంచీ తలుపు పక్కన సిద్ధంగా ఉంది. వాళ్లావిడ మజ్జిగ తెచ్చింది. తాగితే చెప్పలేనని గ్లాసు పక్కన పెట్టి, మొత్తం చెప్పేశాను. తీగలు, గిన్నె, నూనె మసి, అబద్ధం, అన్నీ.

ఆయన నా వైపు చూడకుండా విన్నాడు. “సోడా ఎంత వేసినావు?” అన్నాడు.

“గుప్పెడు.”

“ఒట్టి సోడానేనా?”

“కొంచెం సర్ఫ్ కూడా.”

“ఓయమ్మా!” అంది వాళ్లావిడ. “దుప్పట్లకు గూడా నేను అంత వెయ్యను.”

“పాటలో వాయించింది గూడా నేను కాదన్నా. మీరే” అన్నాను. ఫోనులోకి ఎక్కించి తెచ్చిన ఆ ఒక్క నిమిషం పెట్టాను. అరుగు మీద ఆయన వాయించింది, మధ్యలో ఆమె దగ్గుతో సహా. మిషను తీసేసి విన్నాడు. సగం దూరం పోయాక ఆయన బొటనవేలు మోకాలి మీద తనంతట తానే కదలడం మొదలుపెట్టింది. పాట ఆగిపోయాక కూడా కాసేపు కదిలింది.

“మూడేండ్లు” అన్నాడు చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. “శనివారం వస్తే ఆ భజన మందిరం వీధిలో పోకుండా సుట్టు తిరిగి పోయినా.”

నేను తాగని మజ్జిగ గ్లాసును వాళ్లావిడ వెనక్కి తీసుకుంది.

“చేసింది చెప్పినావు” అన్నాడు. “చెప్పాల్సింది ఇంగా చెప్పల్యా.”

“తప్పయిపోయిందన్నా. క్షమించండి.” నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

“ఇనపడల్యా.”

కొంచెం గట్టిగా చెప్పాను. ఎదురింటామె చీపురు ఆపి చూసింది.

“ఇనపడల్యా” అన్నట్టు ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి దించి, కుయ్యిమంటున్న మిషనును పేపరులో చుట్టి వాళ్లావిడ చేతికిచ్చాడు.

“మొదటి తూరే ఇనపడింది లేప్పా. మూడేండ్లు చెవిటోన్ని చేసి తిప్పినావు. ఏడాదికొక క్షమాపణ. రెండయినాయి. ఇంగొకటి ఉండాది, కానియ్యి. ఆ వీధి చివర దాకా ఇనపడల్ల. వాళ్లు గూడా నన్ను చెవిటోడనే అనుకుంటాండారు.”

నేను అరుగు దిగి, వీధి మధ్యలో నిలబడి, స్టేజీ మీద ఎప్పుడూ ఎత్తనంత గొంతు ఎత్తాను.

“తప్పు చేసినానన్నా! తీగలు ఉడకబెట్టింది నేను. పాటలో వాయించింది మీరు. మీ చెవులకు ఏమీ కాలేదు. నన్ను క్షమించండి!”